పాత ఇంజిన్‌కి మెకానికల్ టాకోమీటర్: డ్రైవ్ ఎక్కడి నుంచి తీయాలి, ఎలా తీయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) బ్లాకులోనే ఉండే పాత నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, క్రాంక్ (ఇంజిన్ ప్రధాన షాఫ్ట్) నుంచి దాన్ని తిప్పే టైమింగ్ చైన్, కాయిల్ ఇగ్నిషన్, బెల్టుతో తిరిగి కరెంటు ఇచ్చే డైనమో. ఇంజిన్‌కి టాకోమీటర్ (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు) డ్రైవ్, అంటే దాని కేబుల్‌ను తిప్పే ఏర్పాటు, మొదటి నుంచీ లేదు. వేరే బండి నుంచి తీసిన, కేబుల్‌తో నడిచే మీటరు ఒకటి మీ చేతికి వచ్చింది. దాన్ని ఎలక్ట్రానిక్‌గా మార్చకుండా కేబుల్‌తోనే నడపాలి. డ్రైవ్ డైనమో వెనక నుంచి తీయాలా, క్యామ్‌షాఫ్ట్ నుంచా అని అడిగారు.

సూటిగా చెప్తే, క్యామ్‌షాఫ్ట్ వెనక చివర అందేలా ఉంటే అక్కడి నుంచి తీయండి. అది కుదరకపోతే టాకోమీటర్ (టాక్) డ్రైవ్ ఉన్న డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే భాగం) దొరుకుతుందేమో చూడండి. తర్వాత క్యామ్ ముందు చివర. డైనమో అన్నిటికన్నా ఆఖర్న. కారణాలు కింద రాస్తాను. కానీ ఇంజిన్ మీద చెయ్యి వేసే ముందు మీటరు సంగతి తేల్చుకోవాలి.

చాలామంది ఇంజిన్ దగ్గరే మొదలుపెడతారు. కవర్ ఊడదీసి, అడాప్టర్ చేయించి, కేబుల్ వేసి స్టార్ట్ చేశాక ముల్లు సగమే చూపిస్తోందని తెలుస్తుంది. లేదా ముల్లు అసలు లేవదు, సున్నా దగ్గరి పిన్నుకి ఆనుకుని వణుకుతూ ఉంటుంది. మొదటిది నిష్పత్తి తేడా, రెండోది తిరిగే దిశ తేడా. రెండూ టేబుల్ మీదే తేలిపోయే విషయాలు.

మీ మీటరు చాలావరకు అయస్కాంతం రకమే అయి ఉంటుంది. లోపల ఒక అయస్కాంతం కేబుల్‌తో పాటు తిరుగుతుంది. దానికి తగలకుండా పైన పల్చటి అల్యూమినియం గిన్నె ఉంటుంది, ముల్లు దాని ఇరుసు మీదే ఉంటుంది. అయస్కాంతం తిరిగితే గిన్నెలో ఎడ్డీ కరెంట్లు (లోహంలోనే సుడులు తిరిగే కరెంట్లు) పుట్టి, గిన్నెను కూడా అదే దిశలో లాగుతాయి. సన్నటి హెయిర్ స్ప్రింగ్ దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. లాగే బలం వేగంతో పాటు అదే లెక్కన పెరుగుతుంది కాబట్టే డయల్ మీద అంకెలు సమాన దూరంలో ఉంటాయి. అయస్కాంతం వ్యతిరేక దిశలో తిరిగితే గిన్నె కూడా అటే పోతుంది, ముల్లు వెళ్లి పిన్నుకి గుద్దుకుంటుంది. అందుకే ఈ రకం మీటరు ఒక దిశకే పనిచేస్తుంది.

మీటరు ఎప్పుడైనా రిపేరుకి విప్పి ఉంటే ఒకటి గమనించండి. అల్యూమినియం వేడెక్కితే దాని విద్యుత్ నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది, ఆ మేరకు లాగే బలం తగ్గుతుంది. దాన్ని సరిచేయడానికి అయస్కాంతం పక్కన నికెల్ కలిసిన ఇనుప మిశ్రమంతో చేసిన చిన్న బిళ్లో రింగో పెడతారు. అది పనికిరాని ముక్క అనుకుని పక్కన పెట్టేసినవాళ్లు ఉన్నారు. అలాంటి మీటరు చల్లగా ఉన్నప్పుడు ఒకటి, డాష్‌బోర్డు వేడెక్కాక ఒకటి చూపిస్తుంది. తప్పు మాత్రం డ్రైవ్ మీదికి పోతుంది.

ఇంకో రకం క్రోనోమెట్రిక్. స్మిత్స్ కంపెనీవి పేరున్నవి, 1960ల తొలి ఏళ్ల దాకా బ్రిటిష్ మోటార్‌సైకిళ్లలో బాగా వాడారు. గడియారంలో ఉండేలాంటి ఎస్కేప్‌మెంట్ ఒకటి కొలిచిన సమయంలో కేబుల్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి ముల్లును నిలబెడుతుంది. ముల్లు జారుతున్నట్టు కాకుండా మెట్లు ఎక్కినట్టు కదులుతుంది. మీది అలా గంతులు వేస్తూ కదిలే రకమైతే అది జబ్బు కాదు, దాని స్వభావమే.

ఇక నిష్పత్తి. డయల్ మీద కింది భాగంలో చిన్న అక్షరాలతో 2:1, 3:1, 4:1 అని ఏదైనా ముద్రించి ఉందేమో చూడండి. 2:1 అంటే ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే కేబుల్ ఒక చుట్టు తిరగాలి. 4:1 అంటే నాలుగింటికి ఒకటి. కార్ల మీటర్లలో 2:1 ఎక్కువ, ఎందుకంటే నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్, డిస్ట్రిబ్యూటర్ రెండూ క్రాంక్ వేగంలో సగానికి తిరుగుతాయి. 3:1, 4:1 మోటార్‌సైకిల్ మీటర్లలో కనిపిస్తాయి.

ఏమీ ముద్రించి లేకపోతే డ్రిల్లుతో తేల్చవచ్చు. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మొత్తం పనికి ఇదే ఆధారం. పాత కేబుల్ ఇన్నర్ (లోపల తిరిగే తీగ) నుంచి చతురస్రపు కొన ఉన్న ముక్కను జానెడులో సగం కోసి, స్పీడు మార్చగలిగే డ్రిల్లులో బిగించండి. చక్ మీద మెరిసే టేపు ముక్క అతికించి, ఆప్టికల్ టాకోమీటర్‌తో చక్ వేగం కొలవండి. మీటరును గుడ్డ చుట్టి వైస్‌లో మెల్లగా పట్టించి, వెనక రంధ్రంలో కొన పెట్టి నెమ్మదిగా మొదలుపెట్టండి. చక్ 750 తిరుగుతుంటే ముల్లు 1500 చూపిస్తే మీది 2:1. 3000 చూపిస్తే 4:1. ముల్లు లేవకుండా పిన్నుకి నొక్కుకుంటే వెంటనే ఆపి, డ్రిల్లును రివర్సులో పెట్టి చూడండి. ఏ దిశలో లేచిందో రాసిపెట్టుకోండి.

ఒక్క వేగం దగ్గర చూసి వదిలేయకండి. 500, 1000, 1500 దగ్గర కూడా చూడండి. మూడు చోట్లా ఒకే శాతం తక్కువ చూపిస్తే అయస్కాంతం బలం తగ్గిందన్నమాట, మీటర్లు బాగుచేసేవాళ్లు మళ్లీ అయస్కాంతీకరిస్తే సరిపోతుంది. మూడు చోట్లా ఒకే అంకె, ఉదాహరణకు 200, తక్కువ చూపిస్తే ముల్లు ఇరుసు మీద పక్కకి జరిగింది, లేదా స్ప్రింగ్ సెట్టింగ్ తప్పింది. కింద సరిగ్గా ఉండి పైకి వెళ్లేకొద్దీ అడ్డదిడ్డంగా ఉంటే ఇరుసు అరిగి గిన్నె అయస్కాంతానికి రాసుకుంటోంది. ఆ మీటరుకి ఎంత మంచి డ్రైవ్ చేసినా దండగే.

దిశ దగ్గర తలకిందులయ్యేది ఇక్కడే. డ్రిల్లు మామూలు దిశలో తిరిగినప్పుడు, మీరు డ్రిల్లు పట్టుకుని మీటరు వెనక భాగం వైపు చూస్తుంటే చక్ సవ్యదిశలో, అంటే గడియారం ముళ్లు తిరిగే వైపు, తిరుగుతుంది. ముల్లు ఈ దిశలో లేచిందనుకుందాం. అప్పుడు ఇంజిన్ దగ్గర, కేబుల్ బిగించే రంధ్రంలోకి మీరు ఎదురుగా చూస్తే అక్కడి షాఫ్ట్ అపసవ్యదిశలో తిరగాలి. కేబుల్ అంతా ఒకే దిశలో తిరుగుతున్నా ఒక కొస దగ్గర మీరు కేబుల్ వెళ్లే వైపు చూస్తున్నారు, రెండో కొస దగ్గర అది వచ్చే వైపు చూస్తున్నారు. రెండు చోట్లా ‘సవ్యం’ అని రాసుకుంటే లెక్క తిరగబడుతుంది. కాగితం మీద కేబుల్ గీసి బాణం గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు దీన్ని మీ ఇంజిన్‌కి వర్తింపజేద్దాం. ఎక్కువ ఇంజిన్లు ముందు నుంచి చూస్తే సవ్యదిశలో తిరుగుతాయి. టైమింగ్ చైన్ ఉంటే క్యామ్ కూడా క్రాంక్ తిరిగే దిశలోనే తిరుగుతుంది (చైన్ బదులు రెండు పళ్ల చక్రాలే ఉంటే వ్యతిరేకం). కాబట్టి మీ క్యామ్‌షాఫ్ట్ ముందు నుంచి చూస్తే సవ్యం, వెనక నుంచి చూస్తే అపసవ్యం. మీ మీటరు డ్రిల్లు మామూలు దిశకి లేచే రకం, పైగా 2:1 అయితే క్యామ్ వెనక చివర మీకోసమే చేసినట్టు ఉంది. నిష్పత్తి సరిపోయింది, దిశ సరిపోయింది, మధ్యలో ఒక్క గేరు కూడా అక్కర్లేదు. మీటరు రివర్సులో లేచే రకమైతే అప్పుడు ముందు చివర నేరుగా సరిపోతుంది.

రెండూ కుదరకపోతే దిశ మార్చడానికి గేర్లు పెట్టాలి. సమానమైన పళ్లున్న రెండు చిన్న చక్రాలు పక్కపక్కన పెడితే వేగం మారకుండా దిశ తిరగబడుతుంది. మలుపు కూడా కావాల్సి వస్తే హెలికల్ గేర్లున్న రైట్ యాంగిల్ పెట్టె వాడవచ్చు. అందులో పళ్ల వాలు కుడికి ఉందా, ఎడమకి ఉందా అన్నదాన్ని బట్టే బయటికి వచ్చే దిశ ఉంటుంది. అందుకే చేతితో తిప్పి చూడకుండా అలాంటి పెట్టె తెచ్చుకోకండి.

నిష్పత్తికి లెక్క ఇంతే: ఇంజిన్ ఒక చుట్టుకి మీటరు కోరే చుట్లను, ఇంజిన్ ఒక చుట్టుకి మీ డ్రైవ్ ఇచ్చే చుట్లతో భాగించాలి. 4:1 మీటరు 0.25 కోరుతుంది, క్యామ్ 0.5 ఇస్తుంది, కాబట్టి మధ్యలో సగానికి తగ్గించే పెట్టె కావాలి, 12 పళ్లకి 24 పళ్లు. 3:1 మీటరుకైతే మూడింట రెండు వంతులు, 16 పళ్లకి 24 పళ్లు. స్పీడోమీటర్ కేబుళ్ల మధ్యలో పెట్టే నిష్పత్తి పెట్టెలు ఇక్కడా పనిచేస్తాయి. వాటికి ఏ మీటరు అన్నదానితో పని లేదు.

ఇక డ్రైవ్ తీసే చోట్లు. కంపెనీలు కూడా ఒకే చోటికి కట్టుబడలేదు. ట్రయంఫ్ టీఆర్6లో డిస్ట్రిబ్యూటర్ ఒంట్లోంచి తీశారు. షెవ్రొలే కార్వెట్‌లో కూడా 1974 మోడల్ దాకా చాలా ఏళ్లు డిస్ట్రిబ్యూటర్ నుంచి కేబుల్ వెళ్లేది. పోర్షే 356లో ఆయిల్ పంపు మూత మీది నుంచి. పాత ట్రాక్టర్లలో, కొన్ని కార్లలో డైనమో వెనక నుంచి. మీ ఇంజిన్ ఏ కుటుంబానిదో, అదే బ్లాకు వాడిన స్పోర్ట్స్ మోడల్ గానీ ట్రాక్టరు గానీ ఉందేమో ముందు వెతకండి. ఒకే బ్లాకును రకరకాల బండ్లకి వాడినప్పుడు, టాక్ డ్రైవ్‌కి పోతపోసిన గుబ్బను రంధ్రం చేయకుండా వదిలేయడం మామూలే. అది ఉంటే సగం పని అయిపోయినట్టే.

డిస్ట్రిబ్యూటర్ మార్గం తేలికైనదే, కానీ ఒక షరతు మీద. అదే కుటుంబానికి చెందిన, టాక్ డ్రైవ్ ఉన్న డిస్ట్రిబ్యూటర్ దొరకాలి. బ్లాకులోకి దిగే కాడ వ్యాసం, పొడవు, కింది డాగ్ (కింద తగులుకునే నాలుక) మధ్యకి ఉందా పక్కకి ఉందా, తిరిగే దిశ, అడ్వాన్స్ కర్వ్ (వేగంతో పాటు స్పార్క్ ఎంత ముందుకి జరుగుతుందన్న లెక్క) ఇవన్నీ కలవాలి. అడ్వాన్స్ కలవకపోతే టాకోమీటర్ సరిగ్గానే చూపిస్తుంది, ఇంజిన్ మాత్రం నాక్ కొడుతుంది. ఉన్న డిస్ట్రిబ్యూటర్‌కే గేరు తగిలించి డ్రైవ్ తీద్దాం అన్న ఆలోచన నాకు నచ్చదు. దాని షాఫ్ట్ బుష్‌లు ఈ పక్క భారానికి చేసినవి కావు, అవి అరిగితే పాయింట్ల (స్పార్క్ కోసం తెరుచుకునే కాంటాక్టుల) గ్యాప్ ఒక్కో సిలిండర్‌కి ఒక్కోలా మారుతుంది. ఒక మీటరు కోసం ఇగ్నిషన్‌ను పాడుచేసుకోవడం తెలివైన బేరం కాదు.

డైనమోని ఎందుకు ఆఖర్న పెట్టానంటే, బెల్టు వల్ల. ఉదాహరణకు క్రాంక్ పుల్లీ పని వ్యాసం 130 మి.మీ., డైనమో పుల్లీది 80 మి.మీ. అనుకోండి. డైనమో ఇంజిన్ కన్నా 1.625 రెట్లు వేగంగా తిరుగుతుంది. ఇంజిన్ 5000 దగ్గర డైనమో 8125. కేబుల్‌ను నేరుగా దానికి కడితే ఎక్కువ కాలం బతకదు. 2:1 మీటరుకి 3.25కి 1 చొప్పున తగ్గించే పెట్టె కావాలి, అది మీ పుల్లీలకి మాత్రమే సరిపోతుంది. రేపు ఎవరైనా 72 మి.మీ. పుల్లీ వేస్తే మీటరు 11 శాతం ఎక్కువ చూపిస్తుంది, ఇంజిన్ 4500 దగ్గర ఉంటే ముల్లు 5000 అంటుంది. బెల్టు జారితే అది వేరే. పైగా మామూలు డైనమోలో వెనక బుష్ మూసి ఉంటుంది, షాఫ్ట్ బయటికి రాదు. లూకాస్ లాంటి కంపెనీలు టాక్ డ్రైవ్ కోసం వెనక తెరిచి, షాఫ్ట్ చివర గాడి కోసిన డైనమోలు విడిగా చేసేవి. అలాంటిది దొరికితే సరే, లేకపోతే ఆర్మేచర్ (డైనమో లోపల తిరిగే భాగం) తోకకి రంధ్రం చేయించి పొడిగించడం వద్దు. మధ్య బిందువు కొంచెం తప్పినా ఆ వేగంలో ఊగుతుంది. ఎప్పటికైనా ఆల్టర్నేటర్‌కి మారాలనే ఆలోచన ఉంటే ఈ దారి అసలే వద్దు.

తప్పక డైనమో నుంచే తీయాల్సివస్తే పుల్లీల బయటి వ్యాసం కొలిచి లెక్క వేయకండి. వీ బెల్టు గాడిలోపల నడుస్తుంది. రెండు పుల్లీల మీదా సుద్దతో గీత పెట్టి, స్పార్క్ ప్లగ్గులు తీసేసి క్రాంక్‌ను చేత్తో 10 చుట్లు తిప్పండి. డైనమో ఎన్ని చుట్లు తిరిగిందో దాన్ని 10తో భాగిస్తే అదే అసలు నిష్పత్తి.

క్యామ్ వెనక చివరకి వద్దాం. చాలా బ్లాకుల్లో అక్కడ ఒక గుండ్రటి కోర్ ప్లగ్ (రేకు మూత) కొట్టి ఉంటుంది. కొన్నిటిలో అది ఫ్లైవీల్ హౌసింగ్ లోపల పడుతుంది, అలాంటప్పుడు కేబుల్‌కి చోటు ఉండదు, ఆ దారి మూసుకున్నట్టే. బయటికి అందేలా ఉంటే ప్లగ్ తీసి, క్యామ్ చివర మధ్యలో ఏముందో చూడండి. క్యామ్‌ను గ్రైండ్ చేయడానికి వేసిన సెంటర్ రంధ్రం ఎలాగూ ఉంటుంది. మధ్య బిందువు మీకు ఉచితంగా దొరికింది. అయితే క్యామ్‌ను బయటికి తీయకుండా దానికి రంధ్రం చేసి మర కొట్టడం కష్టం, పోత ఇనుము పొడి క్రాంక్‌కేస్‌లో పడుతుంది. ఇంజిన్ ఎలాగూ విప్పుతుంటేనే ఈ పని పెట్టుకోండి.

ముందు చివరలో ఆ ఇబ్బంది లేదు, క్యామ్ స్ప్రాకెట్ బోల్టు అక్కడే ఉంటుంది. ఆ బోల్టు తలలో 4 మి.మీ. లోతు గాడి కోయిస్తే చాలు. బోల్టును తొలిచేయకండి, అది స్ప్రాకెట్‌ను పట్టి ఉంచేది. పాత లాక్ ప్లేటు, పాత టార్క్ అలాగే ఉండాలి. ఇక్కడ అసలు పని టైమింగ్ కవర్‌లో రంధ్రం సరిగ్గా క్యామ్ మధ్యకి వచ్చేలా చేయడం. కొలతలు తీసి గీసినదాని కన్నా ఈ పద్ధతి నమ్మకమైనది: క్యామ్ బోల్టు తీసి అదే మరలో, కొన సూదిలా తిప్పిన స్టడ్ ఒకటి బిగించండి. లేతు మీద మర, మొన ఒకే పట్టులో తిప్పి ఉండాలి. క్రాంక్‌ను చేత్తో తిప్పుతూ మొనను చూడండి. అది ఉన్నచోటే నిలబడి తిరగాలి. చిన్న వృత్తం గీస్తోందంటే స్టడ్ వంకర. అది సరిచేశాక కవర్ లోపలి వైపు మార్కింగ్ నీలిరంగు పూసి, ప్యాకింగ్ లేకుండా కవర్‌ను దాని చోట కూర్చోబెట్టి నొక్కండి. చుక్క పడుతుంది. చాలా పాత ఇంజిన్లలో కవర్‌కి డోవెల్ పిన్నులు (చోటు కదలకుండా నిలిపే పిన్నులు) ఉండవు, బోల్టు రంధ్రాల్లో అటూఇటూ కదులుతుంది. అప్పుడు ముందు క్రాంక్ ఆయిల్ సీల్ చోటును ఆధారంగా పెట్టుకుని, దానికి బిగుతుగా సరిపోయే బుష్‌ను క్రాంక్ మూతి మీద వేసి కవర్‌ను మధ్యకి తెచ్చుకోండి. తర్వాతే చుక్క. ప్రతిసారి కవర్ బిగించేటప్పుడు కూడా ఆ బుష్ వాడాల్సిందే.

కవర్ రేకుతో చేసిందైతే, డ్రైవ్ షాఫ్ట్ ఉండే హౌసింగ్‌ను నేరుగా దానికి బిగిస్తే కవర్ వణుకుతుంది. లోపలి వైపు 4 లేదా 5 మి.మీ. మందం ఉక్కు ప్లేటు పెట్టి బలం ఇవ్వండి, చైన్‌కి తగలకుండా చూసుకోండి.

హౌసింగ్ అల్యూమినియంతో తిప్పించండి. లోపల 8 మి.మీ. షాఫ్ట్, రెండు ఆయిలైట్ (ఆయిల్ పీల్చుకున్న) కంచు బుష్‌లు, షాఫ్ట్ మధ్యలో భుజం, దానికి రెండు పక్కలా థ్రస్ట్ వాషర్లు. షాఫ్ట్ తన హౌసింగ్‌లో తాను స్వతంత్రంగా తిరగాలి, క్యామ్ దాన్ని తిప్పాలే తప్ప మోయకూడదు. అందుకే క్యామ్ బోల్టు గాడిలోకి దిగే నాలుక ఎప్పుడూ వదులుగా ఉండాలి, పక్కలకి 0.2 మి.మీ. ఖాళీ, ముందుకి కనీసం 1 మి.మీ. క్యామ్‌షాఫ్ట్‌కి ఎండ్ ఫ్లోట్ ఉంటుంది, ముందుకీ వెనక్కీ కొద్దిగా జరుగుతూనే ఉంటుంది. నాలుక గాడి అడుగుకి ఆనితే ఆ తోపుడంతా మీ థ్రస్ట్ వాషర్ మీద పడుతుంది. మధ్య బిందువులు పదో వంతు మిల్లీమీటరు కన్నా ఎక్కువ తప్పాయని అనుమానం ఉంటే, మధ్యలో రెండు వైపులా అడ్డంగా గాళ్లున్న ఓల్డ్‌హామ్ బిళ్ల పెట్టండి. గట్టి కప్లింగ్ వద్దే వద్దు. ఇంకోటి, షాఫ్ట్ విరిగినా, నాలుక విరిగినా ముక్క టైమింగ్ చైన్ లోకి పడకుండా భుజం లోపలే చిక్కుకునేలా డిజైన్ ఉండాలి. కేబుల్ ఇన్నర్ అన్నిటికన్నా బలహీనమైనదిగా ఉండటం మంచిదే. మీటరు పట్టేస్తే తెగాల్సింది అదే.

షాఫ్ట్ బయటి చివర చతురస్రపు రంధ్రం ఎలా చేయాలన్నది అందరూ అడిగేదే. బ్రోచ్ (రంధ్రాన్ని చతురస్రంగా కోసే పనిముట్టు) ఉంటే సరే. లేకపోతే ఒక తేలిక దారి ఉంది. గేర్‌బాక్స్‌లో స్పీడోమీటర్ కేబుల్‌ను తిప్పే చిన్న ఉక్కు పినియన్ పాతది సంపాదించండి. పళ్లు అరిగిపోయినా పర్లేదు. దాని కాడలో కేబుల్ కోసం చతురస్రపు రంధ్రం ముందే ఉంటుంది, కాడ వ్యాసం కూడా బుష్‌లకి తగినట్టు నున్నగా గ్రైండ్ చేసి ఉంటుంది. పళ్లు తిప్పేసి, ఆ చివర నాలుక మిల్లింగ్ చేస్తే మీ షాఫ్ట్ సిద్ధం. ఆ పినియన్ ఏ బండిదో ఆ బండి కేబుల్ నట్టు మరనే హౌసింగ్ మీద కోయించండి, ఇన్నర్ కొలతతో గొడవ ఉండదు. మీటరు వైపు కొస వేరే కొలత అయితే ఒక కొస అదీ, ఒక కొస ఇదీ ఉండేలా కేబుల్ కట్టించుకోవచ్చు, అది మామూలు పనే.

ఆయిల్ గురించి గట్టిగా చెప్పాలి. క్రాంక్‌కేస్‌లో పీడనం ఉంటుంది. కేబుల్ ఇన్నర్ తీగలు చుట్టిన మర లాంటిది, తిరిగే కొద్దీ ఆయిల్‌ను మీటరు వైపు తోడుతుంది. రెండూ కలిస్తే కొన్నాళ్లకి ఆయిల్ డయల్ అద్దం మీద కనిపిస్తుంది. మీటరులోకి ఆయిల్ చేరితే అయస్కాంతానికీ గిన్నెకీ మధ్య ఆ జిడ్డే గిన్నెను లాగుతుంది, ముల్లు ఎక్కువ చూపిస్తుంది, ఇంజిన్ ఆపినా సున్నాకి మెల్లగా వస్తుంది. కాబట్టి షాఫ్ట్ మీద పెదవి లోపలికి ఉండేలా చిన్న ఆయిల్ సీల్ తప్పకుండా వేయండి. దాని వెనక, కేబుల్ నట్టుకి ముందు, హౌసింగ్ కింది వైపు 2 మి.మీ. రంధ్రం ఒకటి పెట్టండి. సీల్ దాటి వచ్చినది అక్కడే కారిపోతుంది, సీల్ పోయిన సంగతి కూడా మీకు ముందే తెలుస్తుంది. క్రాంక్‌కేస్ బ్రీదర్ (లోపలి పీడనం బయటికి పోయే దారి) మూసుకుపోయి ఉంటే ఏ సీలూ ఆగదు, అది ముందు శుభ్రం చేయండి.

కేబుల్ వేసేటప్పుడు మలుపు వ్యాసార్ధం 150 మి.మీ. కన్నా తగ్గకూడదు, రెండు కొసల దగ్గర కొంత దూరం తిన్నగా ఉండాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి దూరంగా తీసుకెళ్లండి. ఇన్నర్ వంకర ఉందేమో చూడటానికి దాన్ని బయటికి తీసి, యూ ఆకారంలో వేలాడదీసి, రెండు కొసలూ రెండు చేతుల వేళ్లతో పట్టుకుని ఒక కొస మెల్లగా తిప్పండి. రెండో కొస సమానంగా తిరగాలి. ఆగి, ఒక్కసారిగా తుళ్లితే ఇన్నర్‌లో మడత పడింది. అదే తుళ్లింపు రేపు ముల్లులో కనిపిస్తుంది. గ్రీజు ఇంజిన్ వైపు మూడింట రెండు వంతులకే పల్చగా పూయండి, మీటరు వైపు భాగం దాదాపు పొడిగా వదిలేయండి. ఇన్నర్ పొడవు కూడా చూసుకోవాలి: రెండు నట్లూ బిగించాక అది ముందుకీ వెనక్కీ 1 నుంచి 2 మి.మీ. కదలాలి. పొడవు ఎక్కువై మీటరు ఇరుసును నొక్కితే కొత్త మీటరు కూడా త్వరగా అరిగిపోతుంది. కొన్ని ఇన్నర్లు ఒక దిశకే చుట్టి ఉంటాయి. వ్యతిరేకంగా తిప్పితే పై చుట్టు విప్పుకుని ఔటర్ లోపల రాసుకుంటుంది. కేబుల్ కట్టించేటప్పుడు దిశ చెప్పండి.

మీకు అసలు ఇంత పని అవసరమా అన్నది కూడా ఆలోచించండి. కాయిల్ ఇగ్నిషన్ ఉన్న ఇంజిన్‌కి ఎలక్ట్రానిక్ టాకోమీటర్ రెండు మూడు వైర్లతో అయిపోతుంది. డీజిల్‌కి, మాగ్నెటో ఉన్న ఇంజిన్లకి మెకానికల్ డ్రైవ్‌లో అర్థం ఉంది. మీ విషయంలో ఆ పాత మీటరు అందమే కారణం అనుకుంటున్నాను, అది తక్కువ కారణమేమీ కాదు. మధ్యే మార్గం కావాలంటే, ఇగ్నిషన్ పల్స్ తీసుకుని చిన్న మోటర్‌తో కేబుల్‌ను సరైన వేగంలో తిప్పే పెట్టెలు ఉన్నాయి. స్పీడోమీటర్ల కోసం వచ్చినవి అవి. ఇంజిన్‌కి రంధ్రం పెట్టకుండా మీ మీటరు అలాగే నడుస్తుంది, దిశ, నిష్పత్తి రెండూ పెట్టెలోనే సెట్ చేసుకోవచ్చు. ఇంజిన్ అరుదైనదైతే, కవర్ దొరకనిదైతే నేను దీనికే ఓటు వేస్తాను.

అంతా బిగించాక మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు మీటరు వైపు కేబుల్ బిగించకండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఇన్నర్ కొస కుదుపు లేకుండా తిరుగుతోందా, ఏ దిశలో తిరుగుతోందో చూడండి. కొసను ఎదురుగా చూసిన దిశకి, మీటరు వెనక భాగం చూస్తూ డ్రిల్లుతో రాసుకున్న దిశ వ్యతిరేకంగా ఉంటేనే అది సరైనది. అప్పుడు ఆపి మీటరుకి బిగించండి. క్రాంక్ పుల్లీ మీద మెరిసే టేపు పెట్టి ఆప్టికల్ టాకోమీటర్‌తో 1000, 2000, 3000 దగ్గర పోల్చండి. డ్రిల్లు దగ్గర వచ్చిన తేడాయే ఇక్కడా వస్తే డ్రైవ్ సరిగ్గా ఉంది. 1500 లోపు మాత్రమే ముల్లు ఊగుతుంటే కేబుల్ మలుపు చూడండి, ఒకే ఒక్క వేగం దగ్గర వణికితే హౌసింగ్ మధ్య బిందువు చూడండి. మొదటి కొన్ని గంటలు నడిచాక కేబుల్ నట్టు విప్పి లోపల ఆయిల్ చేరిందేమో చూసి, పొడిగా ఉంటే మళ్లీ బిగించేయండి.